పాత గోడకు ఊపిరాడనివ్వండి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇల్లు బాగుచేసి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. బహుశా అప్పట్లో అది అంత చెప్పుకోదగ్గ పని కాదేమో! వానలకు ముందు పెంకులు సర్దుకోవడం, పండక్కి గోడలకు సున్నం వేసుకోవడం, అరుగులకు జాజు పూసుకోవడం... ఏటా ఇంటిల్లిపాదీ కలిసి చేసుకునే పనులే. వాటితోనే ఇల్లు రెండు మూడు తరాలు నిలబడేది.

ఇప్పుడలా కాదు. పిల్లలు చదువులకని, పెద్దలు పిల్లల దగ్గరికని పట్నం వెళ్లిపోయారు. ఇంటికి తాళం పడింది. ఒక పెంకు జారితే చూసేవాళ్లు లేరు. ఆ సందులోంచి దిగిన వాన నీరు దంతెను తడిపి, గోడను నాన్చి, చెదలను పిలుచుకొచ్చింది. ఇల్లు పాతదై పాడవలేదు, పట్టించుకునే చేతులు లేక పాడైంది.

సిద్దిపేట జిల్లాలోని నారాయణరావుపేటనే తీసుకోండి. ఒకప్పుడు మెదక్ జిల్లాలోని ఊరు. 2016లో సిద్దిపేట జిల్లా ఏర్పడింది. ఇప్పుడిది మండల కేంద్రం కూడా. అలాంటి ఊళ్లో తాతల నాటి ఇల్లు వాటాకు వచ్చిన ఓ జంటను ఊహించుకోండి. మందపాటి మట్టిగోడలు, పైన పెంకులు, ముందు అరుగులు, చెక్కిన దర్వాజ, గోడల్లో దీపం గూళ్లు. సెలవులకు వచ్చి తాళం తీస్తే లోపలంతా బూజు, గబ్బిలాల వాసన.

“కూలగొట్టి స్లాబేద్దాం. ఒక్కపారే పీడ పోతది” అంటాడతను.

“స్లాబిల్లు ఎండకాలం గిట్ల సల్లగుంటదా? గీ దర్వాజ మళ్ల దొరుకుతదా?” అంటుందామె.

ఇద్దరి మాటలోనూ నిజముంది. ఏది నెగ్గాలో తేల్చాల్సింది వాళ్ల కోపతాపాలు కాదు, ఇంటి పరిస్థితి. అదేమిటో తెలుసుకోకుండా పలుగు పట్టినా, పెయింటు డబ్బా పట్టినా నష్టమే.

ముందు కాగితం... తర్వాతే తాపీ

పాత ఇల్లంటే చాలాసార్లు ఉమ్మడి ఆస్తి. తాత పేరు మీదే ఉంటుంది. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని ఉంటారు. ఆడపిల్లల మాట ఎవరూ ఎత్తి ఉండరు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా హక్కు ఉంది. అంటే చిన్నప్పుడు ఆ ఇంట్లో తిరిగిన మేనత్త మాట, అక్క మాట కూడా లెక్కలోకి వస్తుంది.

చేతిలో ఉన్న పొదుపంతా పోసి ఇల్లు బాగుచేశాక ‘అందులో మాకూ వాటా ఉంది’ అని ఎవరైనా అంటే? వాళ్లను తప్పు పట్టలేం. అందుకే తాపీ పట్టకముందే అందరినీ కూర్చోబెట్టి మాట్లాడుకోవాలి. వాటాలు రాతపూర్వకంగా తేల్చుకుని, రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. గ్రామ పంచాయతీ రికార్డులో ఇంటి నంబరు ఎవరి పేరున ఉందో చూసుకోవాలి. ఇది గోడ పనికంటే కష్టమైన పని. కానీ దీన్ని దాటేస్తే మిగతాదంతా ఇసుక మీద కట్టినట్టే.

నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి?

పాత ఇంటికి మొదటి శత్రువు వయసు కాదు, నీరు. గోడ మీద చెమ్మ కనిపించగానే చాలామంది దాని మీద పుట్టీ పూసి రంగు వేస్తారు. జ్వరం తగ్గలేదని థర్మామీటరు దాచేసినట్టే అది! వచ్చే వానాకాలానికి రంగు పొక్కులు కట్టి రాలుతుంది.

చెమ్మ ఎక్కడుందో చూస్తే చాలావరకు కారణం తెలిసిపోతుంది. గోడ పైభాగంలో ఉంటే పైకప్పు కారుతోంది. కిటికీ కింద ఉంటే గట్టు వాలు సరిగా లేదు. నేల నుంచి మోకాలి ఎత్తు దాకా ఒకే వరసలో ఉంటే భూమిలోని తడి గోడలోకి పాకుతోంది. దీపంలో వత్తి నూనె పీల్చుకున్నట్టే గోడ కూడా కింది తడిని పీల్చుకుంటుంది.

పల్లెల్లో ఇప్పుడు దీనికి మరో కారణం తోడైంది. వీధిలో సిమెంటు రోడ్డు వేశారు. దాని మీద ఇంకో పొర వేశారు. రోడ్డు ఎత్తు పెరిగింది, ఇంటి గడప కిందికి పోయింది. ఒకప్పుడు వాకిట్లోంచి వీధిలోకి పారిన నీరు ఇప్పుడు వీధిలోంచి వాకిట్లోకి వస్తోంది. అలాంటప్పుడు గోడకు ఎన్ని పూతలు పూస్తే ఏం లాభం? ముందు ఇంటి చుట్టూ నేలను బయటికి వాలుగా చేయాలి. గోడ వెంట పేరుకుపోయిన మట్టిని తీసేయాలి. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా కాల్వ తవ్వి దూరంగా పంపాలి. పార, గంప ఉంటే చాలు, ఈ పని ఇద్దరూ కలిసి చేసుకోవచ్చు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

సిమెంటుతో వచ్చే చిక్కు

‘మట్టిగోడ రాలిపోతోంది. సిమెంటు కొడితే గట్టిపడుతుంది’... మంచి మనసుతో చేసే ఈ పనే పాత ఇంటికి ఎక్కువ హాని చేస్తుంది. సిమెంటు చెడ్డది కాదు. దాని చోటు వేరు.

మట్టిగోడ తడిని పీలుస్తుంది, ఎండకు, గాలికి మళ్లీ వదిలేస్తుంది. ఒకరకంగా గోడ ఊపిరి తీసుకోవడమే అది. సిమెంటు పూత గట్టిది, తడిని సులువుగా వదలనిది. ఎండకు, చలికి మట్టి ఒకలా కదిలితే సిమెంటు మరోలా కదులుతుంది. దాంతో పూతలో సన్నటి పగుళ్లు వస్తాయి. వాటిలోంచి వాన నీరు లోపలికి పోతుంది కానీ బయటికి రాలేదు. పైకి నున్నగా కనిపించే పూత వెనక మట్టి మెత్తబడుతూ ఉంటుంది. వేలితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే పూతకు, గోడకు మధ్య సంబంధం తెగిపోయినట్టే. ఓ పెద్ద వానకు అది పెళ్లలు పెళ్లలుగా ఊడిపడుతుంది. ఒక్కోసారి గోడనూ వెంట తీసుకుపోతుంది.

పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లాండులో పేటెంటు వచ్చింది 1824లో. మన చార్మినార్ కట్టింది 1591లో. అంటే సిమెంటు పుట్టకముందే సున్నపు గచ్చుతో కట్టి, నాలుగు వందల ఏళ్లకు పైగా నిలిచిన కట్టడాలు మన కళ్లముందే ఉన్నాయి.

హైదరాబాద్‌లోని కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర జరిగిన పని దీనికి మంచి ఉదాహరణ. రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ 2013లో అక్కడ పునరుద్ధరణ మొదలుపెట్టింది. 2024లో ఆ పని ముగిసింది. అంతకుముందు మరమ్మతుల పేరిట పూసిన సిమెంటును ఓపిగ్గా తొలగించి, మళ్లీ సున్నపు గచ్చు వేయడం అందులో ముఖ్యమైన భాగం. ఆ గచ్చులో బెల్లం, మారేడు గుజ్జు వంటివి కలిపారు. రాజుల సమాధికైనా, రైతు ఇంటికైనా సూత్రం ఒకటే. గోడ దేనితో కట్టారో మరమ్మతూ దానితోనే చేయాలి.

మట్టికి మట్టి, పైన సున్నం

మరి రాలిపోతున్న మట్టిగోడను ఏం చేయాలి? మట్టితోనే బాగుచేయాలి. ఊళ్లో గోడలు పెట్టిన అనుభవమున్న పెద్ద సుతారి ఎవరైనా ఉన్నారేమో వెతకండి. వయసు మీద పడి పని మానేసినా సరే, వారం రోజుల కూలి ఇచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆయన చెబుతుంటే మీరు చేయండి. ఏ మట్టిలో ఎంత ఇసుక కలపాలో పుస్తకంలో కంటే ఆయన వేళ్లకే బాగా తెలుసు.

పద్ధతి స్థూలంగా ఇదీ. రాలిన చోట వదులుగా ఉన్న మట్టినంతా గీకేయాలి. కొత్త మట్టిని జల్లెడ పట్టి, తరిగిన వరిగడ్డి కలిపి, నీళ్లు పోసి తొక్కి, వారం పాటు నాననివ్వాలి. గడ్డి ఉంటే ఆరేటప్పుడు పగుళ్లు తగ్గుతాయి. పాత గోడను నీళ్లు చల్లి తడిపాకే కొత్త మట్టి పెట్టాలి. పొడి గోడ మీద పెడితే అందులోని తడంతా పీల్చేసుకుని అతుక్కోనివ్వదు. లోతైన గుంటను ఒకేసారి నింపకూడదు. ఒక పొర ఆరాక మరో పొర వేయాలి. ముందుగా గోడ మీద ఓ మూల చిన్న ముక్క వేసి, ఆరాక పగిలిందో లేదో చూడండి. బాగా పగిలితే ఇసుకో, గడ్డో తక్కువైందని అర్థం.

మట్టిపూత పూర్తిగా ఆరాక పైన సున్నం. దీన్ని పాలలా పల్చగా కలిపి, గోడను కాస్త తడిపి, మూడు నాలుగు పూతలు వేయాలి. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆగాలి. చిక్కగా ఒకేసారి వేస్తే పొడిలా రాలి బట్టలకు అంటుకుంటుంది. కాస్త తుమ్మబంక కలిపితే పట్టు పెరుగుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. ఏటేటా వేసే కొద్దీ గోడకు బలం తగ్గకపోవడానికి కారణం ఇదే.

ఒక్క జాగ్రత్త. రాతిసున్నాన్ని నీళ్లలో వేస్తే సలసలా కాగుతుంది. కంటిలో పడితే చూపే పోవచ్చు. ఆ పని పిల్లలు లేని చోట, కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని చేయాలి. సున్నంలో నీళ్లు పోయకూడదు, నీళ్లలో కొద్దికొద్దిగా సున్నం వేయాలి. అంత తంటా వద్దనుకుంటే తడిపిన సున్నమే కొనుక్కోవచ్చు.

పైకప్పు పదిలం

గోడలకు గొడుగు పైకప్పు. మన పాత ఇళ్లలో రెండు రకాల పెంకులు కనిపిస్తాయి. కుమ్మరి చేతితో చేసిన గూనపెంకు ఒకటి. ఒకదానికొకటి గాడిలో కూర్చునే బెంగుళూరు పెంకు ఇంకోటి. ఈ రెండో రకానికి మన దేశంలో మూలం మంగుళూరు. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు అక్కడ మొదటి పెంకుల కార్ఖానా పెట్టారు.

పెంకును వేలి కణుపుతో తడితే ఖంగున మోగాలి. బొంగురుగా పలికితే పగులున్నట్టు. బాగున్న వాటిని దించి, నాచు గీకి, మళ్లీ వాడుకోవచ్చు. తక్కువైన పెంకుల కోసం కొత్త డిజైను కొనడం కంటే, చుట్టుపక్కల కూల్చుతున్న ఇళ్లలో అదే అచ్చు పెంకులు అడిగి చూడటం మేలు. కొలత సరిపోకపోతే సందు మిగులుతుంది. సందు మిగిలితే వాన వస్తుంది.

పెంకులు దించినప్పుడే దంతెలు, దూలాలు చూసుకోవాలి. స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. గట్టి టేకైతే మొన దిగదు. మెత్తగా దిగిందంటే లోపల చెదలు తినేసినట్టే. ముఖ్యంగా గోడలో కూర్చున్న కొసలు చూడాలి. తడి చేరేది అక్కడే. కొస మాత్రమే పాడైతే దూలం మొత్తం మార్చక్కర్లేదు. వడ్రంగి ఆ ముక్క కోసి కొత్తది అతకగలడు. కానీ దూలానికి ఆసరా పెట్టి దించే పని అనుభవం లేనివాళ్లు అస్సలు చేయకూడదు.

పెంకుల బదులు సిమెంటు రేకులు వేసిన ఇళ్లు కూడా ఉంటాయి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాటిని రంపంతో కోయడం, రంధ్రాలు చేయడం, పగలగొట్టి గోతిలో పోయడం ప్రమాదం. తీయాల్సి వస్తే తడిపి, ముక్కలు కాకుండా, ముక్కుకు సరైన మాస్కు కట్టుకున్న పనివాళ్లతోనే దింపించాలి.

ఇద్దరి చేతికీ అందేవి, అందనివి

సొంతంగా చేసుకోవడమంటే అన్నీ మనమే చేయడం కాదు. ఏది మన చేతికి అందుతుందో, ఏది అందదో తెలుసుకోవడం. నేల వాలు సరిచేయడం, మట్టిపూత, సున్నం, తలుపులకు నూనె, బండల మధ్య సందులు నింపడం... ఇవి ఇద్దరూ సెలవు రోజుల్లో నిదానంగా చేసుకోగలిగినవి.

చేయకూడనివీ ఉన్నాయి. మట్టిగోడల ఇంట్లో బరువు మోసేది గోడే. హాలు పెద్దది కావాలని నడిమి గోడ తీసేస్తే పైకప్పు కిందికొస్తుంది. పెద్ద కిటికీ కోసం గోడ కోసినా అంతే. ఆ గోడల మీద స్లాబు వేయాలన్న ఆలోచన అసలే వద్దు. గోడ ఉబ్బినట్టు, ఒరిగినట్టు కనిపించినా, చేతి వేలు దూరేంత పగులున్నా ఇంజినీరును పిలవాలి. సన్నటి పగుళ్లయితే రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ రాసి పెట్టండి. ఒక వానాకాలం దాటాక పగులు గీత దాటిందేమో చూడండి. దాటకపోతే అది పాత గాయం. దాటితే రోగం ఇంకా ఉన్నట్టు. పెచ్చులూడిన, నానిన మట్టిగోడ పక్కన వానాకాలంలో మంచం వేసుకుని పడుకోవడం ప్రాణాలతో చెలగాటం. ఇల్లు మీద ప్రేమ ఉండొచ్చు, మొండితనం పనికిరాదు. గోడలు నిలవవని ఇంజినీరు తేల్చిచెబితే దర్వాజలు, దూలాలు, పెంకులు భద్రంగా దించుకుని కొత్త ఇంట్లో వాడుకోవడమే తెలివైన పని.

కరెంటు పనీ అంతే. చెక్క పట్టీల మీద పాకిన పాత వైర్లను పూర్తిగా మార్చాలి. ఎర్తింగు ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి. తడిగోడ, పాత వైరు కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. లైసెన్సున్న ఎలక్ట్రీషియనే చేయాల్సిన పని ఇది.

ఇంకోటి. పాత తలుపులకు పొరలు పొరలుగా ఆయిల్ పెయింటు ఉంటుంది. గరుకు కాగితంతో పొడిగా రుద్దితే వచ్చే దుమ్ములో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో ఎంతుందో ఎవరికి తెలుసు? సీసం పిల్లల మెదడుకు చేటు. కాబట్టి తడిపి రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి, గర్భిణులు, పిల్లలు ఆ దగ్గర ఉండకూడదు. రాలిన పొట్టును వాకిట్లో ఊడ్చి వదిలేయకుండా సంచిలో కట్టి పారేయాలి.

స్నానాలగది, మరుగుదొడ్డి తప్పవు కదా? వాటిని మట్టిగోడలకు ఆనించి కట్టకండి. కాస్త ఎడంగా ఇటుక గోడలతో విడిగా కట్టి, నడిచేదారికి చిన్న చూరు దించితే ఇల్లూ బాగుంటుంది, పెద్దవాళ్లకూ సౌకర్యంగా ఉంటుంది.

ఆ ఇద్దరూ అలాగే కట్టారు

భార్యాభర్తలిద్దరూ తమ నివాసాన్ని తామే మలుచుకోవడం అనగానే గుర్తొచ్చే జంట లారీ బేకర్, ఎలిజబెత్. ఇంగ్లాండులో పుట్టిన బేకర్ ఆర్కిటెక్టు. కుష్ఠురోగుల కోసం పనిచేసే సంస్థ తరఫున 1945లో మన దేశం వచ్చారు. పాత కుష్ఠు ఆశ్రమాలను ఆస్పత్రులుగా మార్చడం ఆయన పని. కేరళకు చెందిన ఎలిజబెత్ డాక్టరు. అదే సంస్థ తరఫున హైదరాబాద్‌లో వైద్యం చేసేవారు. 1948లో పెళ్లయ్యాక ఇద్దరూ హిమాలయాల్లోని పిథోరాగఢ్ వెళ్లి, పదహారేళ్ల పాటు అక్కడి కొండ ప్రజల మధ్యే ఉండిపోయారు. ఆమె వైద్యం చేస్తుంటే ఆయన కట్టడాలు చూసుకున్నారు.

చదువుకున్న ఆర్కిటెక్టు అయినా, అక్కడి రాయి, మట్టి, కలపతో ఊరివాళ్లు కట్టే తీరు చూశాక తాను నేర్చుకోవాల్సింది చాలా ఉందని ఆయన గ్రహించారు. ఇంటికి వాడే సామగ్రి ఐదు మైళ్ల లోపల దొరికేదై ఉండాలన్న గాంధీజీ మాటను తరచూ చెప్పేవారు. తర్వాత తిరువనంతపురంలో కొండవాలు మీద ‘హామ్లెట్’ పేరుతో తమ ఇల్లు కట్టుకున్నారు. కూల్చేసిన పాత భవనాల తలుపులు, కిటికీలు బేరమాడి తెచ్చి తన కట్టడాల్లో వాడటం ఆయనకు అలవాటు. 1990లో పద్మశ్రీ అందుకున్న బేకర్ 2007లో కన్నుమూశారు. మట్టి ఇళ్ల గురించి, ఖర్చు తగ్గించుకోవడం గురించి ఆయన బొమ్మలతో వేసిన చిన్న పుస్తకాలు మామూలు మనుషులకూ అర్థమవుతాయి.

ఐదు మైళ్లంటే దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. ఓ ఆదివారం ఆ దూరం లోపల ఏమేం దొరుకుతాయో ఇద్దరూ కలిసి బండి మీద తిరిగి చూసి రండి. చెరువు మట్టి, వరిగడ్డి, తుమ్మబంక, కూలిన ఇళ్ల పెంకులు, పనికొచ్చే బండలు... జాబితా ఊహించినదానికంటే పెద్దదే అవుతుంది.

ఇక అలంకరణ

చాలామంది దీనితో మొదలుపెడతారు. ఇది చివర రావాలి. గోడలు ఆరాక, కప్పు కారడం ఆగాక.

నేలతో మొదలెడదాం. అలికిన నేల మీద నున్నటి టైల్స్ పరిస్తే కింది తడికి దారి మూసుకుపోయి గోడల వైపు పాకుతుంది. దానికంటే షాబాద్ బండలు పరిచి, సందుల్లో సున్నపు గచ్చు నింపితే చల్లగా ఉంటుంది, తడీ ఆరుతుంది. కప్పు కింద ఫాల్స్ సీలింగు వేస్తే అందంగానే ఉంటుంది. కానీ పెంకు ఎక్కడ జారిందో, ఎలుకలు ఎక్కడ కాపురం పెట్టాయో కనిపించదు. దంతెలకు నూనె రాసి అలాగే వదిలేస్తే దానికి మించిన అందం లేదు. పెంకుల మధ్య ఒకటి రెండు గాజు పెంకులు పెడితే చీకటి అర్రలోకి పగలంతా వెలుగొస్తుంది.

గోడలకు సున్నం తెలుపు, కింద మూరెడు ఎత్తున జాజు ఎరుపు. ఈ రెండు రంగులకు సాటి వచ్చేది లేదు. ఎర్రమన్ను, పసుపుమన్ను సున్నంలో కలిపితే మెత్తటి రంగులు వస్తాయి. ప్లాస్టిక్ ఎమల్షన్లు గోడ మీద పొరలా పట్టి తడిని లోపలే ఆపేస్తాయి కాబట్టి మట్టిగోడకు అవి వద్దు. దీపం గూళ్లను పూడ్చకండి. పుస్తకాలకో, చిన్న లైటుకో పనికొస్తాయి.

గోడకు తగిలించడానికి బొమ్మలు కావాలా? నకాశీ కళాకారుల చేర్యాల ఈ జిల్లాలోనే ఉంది. భౌగోళిక గుర్తింపు పొందిన కళ అది. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే చేర్యాల ముఖాల బొమ్మలు సున్నపు గోడ మీద ఎర్రగా వెలిగిపోతాయి. ఇక సిద్దిపేట అంటేనే గొల్లభామ చీర. తలమీద కుండతో నడిచే గొల్లభామ నేతలోనే వస్తుంది. అమ్మ కట్టి పాతబడిన గొల్లభామ చీర పెట్టెలో ఉంటే, చిరగని భాగం కత్తిరించి దర్వాజకు తెరగా వేయండి. దుకాణంలో కొన్న ఏ కర్టెనూ దానికి సరికాదు.

అన్నట్టు, ఆ దర్వాజ జాగ్రత్త! పాత టేకు కోసం ఊళ్లు తిరిగే వ్యాపారులు ఉంటారు. చెక్కిన దర్వాజకు, మొగరాలకు ‘మంచి రేటు’ ఇస్తామంటారు. ఆ డబ్బుతో కొత్త తలుపు వస్తుంది. పాత తలుపు మాత్రం మళ్లీ రాదు.

తొందర వద్దు

పనులకు కాలం కుదరాలి. దసరా తర్వాత వానలు తగ్గాక ఇంటి చుట్టూ నీటి దారులు సరిచేసుకోండి. చలికాలంలో మట్టిపూత, సున్నం. ఎండ తక్కువ కాబట్టి నిదానంగా ఆరి, పగుళ్లు రావు. రోహిణీ కార్తె ఎండల్లో పూత పూస్తే పొద్దుటికే నెర్రెలు విచ్చుతుంది. పైకప్పు పని మాత్రం మృగశిరకు ముందే ముగిసిపోవాలి. ఆ వానాకాలమంతా రంగుల జోలికి వెళ్లకుండా ఇంటిని గమనించండి. ఎక్కడ కారింది, ఎక్కడ చెమ్మ వచ్చింది, ఓ నోటుబుక్కులో రాసుకోండి. రెండో ఏడు అలంకరణ. చేతిలో ఉన్న డబ్బులో నాలుగోవంతు ముట్టుకోకుండా పక్కన పెట్టుకోండి. పాత గోడ విప్పితే లోపల ఏముంటుందో విప్పాకే తెలుస్తుంది.

ఇద్దరి మధ్యా మాటలు రాకుండా ఉండాలంటే పనులు పంచుకోవడం మంచిది. ఖర్చు లెక్క ఒకరు రాస్తే సామాను బాధ్యత మరొకరిది. ఒక్కటి మాత్రం ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి. పని జరిగినన్నాళ్లూ వంట ఎక్కడ? పొయ్యి దగ్గర దుమ్ములో ఆమె, నిచ్చెన మీద అతను అన్న పంపకం ఎక్కువ రోజులు నిలవదు. వంటగది పని ముందు ముగించుకుంటే సగం గొడవలు తగ్గుతాయి. పూత పూయడంలో ఆడవాళ్ల చేయి మన ఊళ్లలో ఎప్పుడూ ముందే ఉంది. కాబట్టి నిచ్చెన ఆమెకూ ఇవ్వండి, గరిటె అతనికీ ఇవ్వండి.

ఇంతా చేసి ఏం మిగులుతుంది? 40 డిగ్రీలు దాటిన ఎండలో బయటి నుంచి వచ్చి గడప దాటగానే చల్లగా తగిలే ఇల్లు. పెంకు జారితే ఏం చేయాలో, గోడ రాలితే ఏ మట్టి పెట్టాలో తెలిసిన నాలుగు చేతులు. వచ్చే ఏడాది సున్నం వేసేటప్పుడు పిల్లల చేతికీ ఓ కుంచె ఇవ్వండి. ఆ ఇంటికి తర్వాతి తరం మేస్త్రీలు వాళ్లే.